అంకెల్లోనూ, అక్షరాల్లోనూ

(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నన్ను మాట్లాడమన్నది "విశ్రాంత జీవితంలో కాలక్షేపం" అనే అంశం మీద. నాకు ముందు మాట్లాడిన మిత్రులు పెరటి తోట గురించి, యోగాసనాల గురించి చక్కగా చెప్పారు. నా కాలక్షేపం అంత శాంతమైనది కాదు. డెబ్బై దాటిన తర్వాత నేను కొందరు కుర్రవాళ్ళతో తేదీల గురించి తగాదా పడ్డాను. తేదీలలో తగాదా ఏమిటని మీరు అనుకోవచ్చు. పెన్షనర్లం కాబట్టి అనుకోరనే నా నమ్మకం. నెల తేడా వస్తే అదనపు పెన్షన్ ఎప్పటినుంచి మొదలవుతుందో మనకు వేళ్ళ మీద లెక్క.

వికీపీడియా అంటే తెలియనివారికి రెండు మాటలు. అది కంప్యూటరులోనూ సెల్‌ఫోనులోనూ చదువుకునే విజ్ఞాన సర్వస్వం. ఎవరైనా రాయవచ్చు. ఎవరు రాసినదాన్ని ఎవరైనా దిద్దవచ్చు. జీతం లేదు, టి.ఏ. లేదు, పై అధికారి లేడు. ఇంగ్లీషులో 2001 జనవరి 15న మొదలయింది. తెలుగులో 2003 డిసెంబరులో మొదలయి ఇప్పటికి లక్షకు పైగా వ్యాసాలు చేరాయి. నాకు అన్నిటికంటె నచ్చినది దాని "చరిత్ర" అనే మీట. అది నొక్కితే ఆ పేజీలో ఎవరు, ఏ రోజున, ఏ నిమిషాన, ఏ అక్షరం మార్చారో వరుసగా కనబడుతుంది. మన నోటు ఫైలు వంటిదే, కాని అందులోనుంచి కాగితం చింపి జేబులో పెట్టుకోవడం కుదరదు. (నవ్వులు)

నా మనుమరాలు ఇంజనీరింగు చదువుతున్నప్పుడు ఒక వేసవి సెలవుల్లో నాచేత అందులో ఖాతా తెరిపించింది. "తాతా, మీ ఊరి పేజీలో నాలుగు వాక్యాలు కూడా లేవు, నీకు తెలిసింది రాయి" అన్నది. తెలుగు టైపు నేర్చుకోవడానికి రెండు నెలలు పట్టింది. ఊరి చెరువు గురించి, బడి గురించి రాశాను. ఆ తర్వాత మన కర్నూలుకు సంబంధించిన వ్యాసాలు వరుసగా చదువుతూ పోతుంటే నా కంట్లో నలుసు పడ్డట్టయింది. ఒకచోట "1 అక్టోబర్ 1953" అని ఉంది. ఇంకొకచోట "అక్టోబరు 1, 1953". మరొకచోట "1953 అక్టోబరు 1". నాలుగోచోట "01-10-1953". కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయిన గురువారం నాడు నాకు రెండేళ్ళు. ఆ ఒక్కరోజుకు నాలుగు వేషాలు!

ముప్పయ్యారేళ్ళు గుమాస్తాగిరీ చేసినవాడి చెయ్యి ఊరుకుంటుందా? 1973లో ఎల్.డి.సి.గా చేరి, కర్నూలు జిల్లాలో కొన్నాళ్ళు, కడపలో కొన్నాళ్ళు పనిచేసి, 2009లో సీనియర్ అసిస్టెంటుగా దిగినవాడిని. మనకు తెలిసిన తేదీ ఒకటే: రోజు, నెల, సంవత్సరం, మధ్యలో రెండు అడ్డగీతలు. రోజుకు పది, పదిహేను పేజీలు తెరిచి, కనబడిన ప్రతి తేదీని ఆ మూసలో పోస్తూ పోయాను. 214 పేజీలు దిద్దాను. లెక్క కూడా అదే పెట్టింది. పొద్దున లేచి చూసుకుంటే మనస్సుకు ఎంత హాయిగా ఉండేదో చెప్పలేను. దస్త్రాలన్నీ దులిపి, కొత్త ఎర్రగుడ్డ కట్టి, బీరువాలో వరుసగా పేర్చినట్టు.

మూడు వారాలకు ఒక యువకుడు నా దిద్దుబాట్లను రద్దు చెయ్యడం మొదలుపెట్టాడు. అతడి ఊరు పేరు నాకు తెలియదు, అడగలేదు కూడా. రద్దు చేస్తూ "నెలను అంకెలో రాయకండి" అని ఒక వాక్యం రాశాడు. నేను తిరిగి మార్చాను. అతడు మళ్ళీ రద్దు చేశాడు. చివరకు విషయం రచ్చబండ ఎక్కింది. వికీపీడియావాళ్ళు అందరూ కూడి మాట్లాడుకునే పేజీకి పెట్టుకున్న పేరే "రచ్చబండ". వేపచెట్టు ఒక్కటే తక్కువ.

అక్కడ నాకు ఎదురయిన వాదాలు నేను ఎన్నడూ ఆలోచించనివి. ఒకాయన తెలుగు వ్యాకరణం తెచ్చాడు. మనం "అక్టోబరు ఒకటిన" అంటాం. ఆ "న" అనేది రోజుకు అంటుకోవాలి. "1953 అక్టోబరు 1న" అని రాస్తే నోటికి సరిపోతుంది. "1 అక్టోబరు 1953న" అని రాస్తే "పంతొమ్మిది వందల ఏభైమూడున" అని సంవత్సరానికి తగిలించి చదవాలి. అట్లా మాట్లాడేవాడు తెలుగుదేశంలో ఎక్కడా ఉండడు. ఇంకొకాయన, మన సంకల్పం చూడండి అన్నాడు. కల్పం, మన్వంతరం, యుగం నుంచి మొదలుపెట్టి సంవత్సరం, అయనం, ఋతువు, మాసం, పక్షం, తిథి, వారం అని పెద్దదాని నుంచి చిన్నదానికి దిగుతాం కదా, మరి రోజును ముందు పెట్టడం మనకెక్కడిది అని. నాకు నవ్వు వచ్చింది, కాని జవాబు దొరకలేదు. 1988లో అంతర్జాతీయ ప్రమాణాల సంస్థవారు ప్రపంచమంతటికీ ఐ.ఎస్.ఓ. 8601 అనే పద్ధతి పెట్టారట. అదీ ఇంతే. ముందు సంవత్సరం, తర్వాత నెల, ఆ తర్వాత రోజు. మన పురోహితులు ఆ సంస్థ పుట్టకముందు నుంచీ దాన్ని పాటిస్తున్నారన్నమాట.

మూడో పక్షం నాది. బడి సర్టిఫికెట్లు, కోర్టు కాగితాలు, బ్యాంకు చెక్కులు, శుభలేఖలు అన్నీ రోజుతో మొదలవుతాయి, జనం కళ్ళు దానికే అలవాటుపడ్డాయి అని రాశాను. నెలల పేర్ల మీద వేరే రభస. "సెప్టెంబర్" అని పొల్లుతో ఆపాలా, "సెప్టెంబరు" అని అచ్చుతో ముగించాలా? తెలుగు మాట అచ్చుతో ముగియడం అందం అని కొందరు, జనం పలికేట్టు రాయాలని కొందరు. ఇది చాదస్తం అనుకోకండి. ఒక్కొక్క తేదీకి అక్కడ ఒక పేజీ ఉంటుంది, మొదటి పేజీలో "చరిత్రలో ఈ రోజు" అనే శీర్షిక ఉంటుంది. పేరు రెండు రకాలుగా ఉంటే ఒకదాని నుంచి రెండోదానికి దారిమార్పు పెట్టాలి. మన ఆఫీసుల్లో ఒకే మనిషి పేరు రెండు స్పెల్లింగులతో రెండు ఫైళ్ళు నడిచిన సంగతి మీకు చెప్పనక్కరలేదు.

ఇంగ్లీషు వికీపీడియాలో ఇంతకంటె పెద్ద యుద్ధమే జరిగిందని తర్వాత తెలిసింది. అక్కడ బ్రిటిషువారు రోజు ముందు రాస్తారు, అమెరికావారు నెల ముందు రాస్తారు. ఎవరికి నచ్చినట్టు వారికి కనబడేలా తేదీలకు లింకులు పెట్టే ఏర్పాటు ఒకటి చేశారు. ఖాతా తెరిచి ప్రవేశించినవారికి తప్ప మామూలు పాఠకుడికి దానివల్ల ఉపయోగం లేదు. ఆ లింకులు తీసేయాలని ఒక పక్షం, ఉంచాలని ఒక పక్షం. తగవు వారి మధ్యవర్తిత్వ సంఘం దాకా వెళ్ళి, 2009లో తీర్పు వచ్చి, పలువురిపై ఆంక్షలు పడ్డాయి. నేను రిటైరయిన సంవత్సరమే అది. అక్కడి నియమం ఇప్పుడు ఇది: ఏ దేశపు విషయమైతే ఆ దేశపు వాడుక రాయండి, ఒక వ్యాసంలో ఒకే పద్ధతి ఉంచండి, సరిగ్గా ఉన్న పద్ధతిని ఊరకే ఇంకొకదానికి మార్చకండి. ఆ చివరి వాక్యం చదివినప్పుడు నన్నే ఉద్దేశించి రాశారేమో అనిపించింది.

ఇంతవరకు ఇది పంతాల సంగతి. అసలు దెబ్బ తర్వాత తగిలింది.

నేను దిద్దిన పేజీలలో మన ప్రాంతానికి చెందిన ఒక పాతతరం విద్వాంసుడి పేజీ ఉంది. పేరు చెప్పను. ఆయన పుట్టినరోజు అక్కడ "3/7" అని, పక్కన సంవత్సరం, ఏటవాలు గీతలతో ఉంది. నేను గీతలు సరిచేసి, సున్నాలు చేర్చి, మన పద్ధతిలో జూలై 3 అయ్యేట్టు పెట్టాను. ఆ యువకుడు చర్చా పేజీలో ఒకే ఒక ప్రశ్న అడిగాడు: "అయ్యా, మూలం చూశారా?" చూడలేదు. చూస్తే, అది ఒక అమెరికా గ్రంథాలయపు జాబితా నుంచి తెచ్చిన తేదీ. వారి లెక్కలో అది మార్చి 7. అంటే, అంతకుముందు ఆ తేదీ చదివేవాడికి అనుమానమైనా కలిగి ఉండేది. నేను నీటుగా రాయడంతో ఆ అనుమానం కూడా పోయింది.

నాకు కోపం వచ్చింది. "నేను ముప్పయ్యారేళ్ళు తేదీలు రాసినవాణ్ణి" అని జవాబు టైపు చేశాను. ప్రచురించు అనే మీట నొక్కలేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆ కుర్రవాడి మాటలు నాకు ముందే ఎవరో అన్నట్టు అనిపించింది. ఎవరన్నారో తెల్లవారుజామున గుర్తుకు వచ్చింది.

ఈ సంగతి నేను ఎక్కడా చెప్పలేదు. మీ ముందే చెబుతున్నాను.

1975లో, నేను ఉద్యోగంలో చేరిన రెండేళ్ళకు, జిల్లాలోని ఒక కార్యాలయంలో పాత సర్వీసు రిజిస్టర్లను తిరగరాసే పని నాకు అప్పగించారు. చెదలు కొట్టినవి, కుట్లు ఊడినవి, మద్రాసు రాష్ట్రం నాటివి. నా దస్తూరి బాగుండేది, అందుకని. కొత్త రిజిస్టరులో జన్మతేదీని అంకెల్లోనూ, అక్షరాల్లోనూ రాయాలి. అటెండరు ఒకాయన 1948లో చేరినవాడు. ఆయన పాత రిజిస్టరులో "11-4-26" అని అంకెలే ఉన్నాయి, అక్షరాల్లో లేదు. వెనుక పిన్ను గుచ్చిన బాప్తిస్మపు చీటీ ఉంది, అందులోనూ అవే అంకెలు. నేను అంకెలు ఎత్తిరాసి, కింద అక్షరాల్లో "ఏప్రిల్ నెల పదకొండవ తేదీ, పంతొమ్మిది వందల ఇరవయ్యారు" అని చక్కగా రాశాను. అధికారి సంతకం చేశారు. అటెండరును పిలిచి ఆయన చేత కూడా సంతకం పెట్టించాలి. ఆయనకు చదివి వినిపించాను. ఆయన తల గోక్కుని అన్నాడు:

"ఏప్రిలా సార్? మా యమ్మ శనగ ఇత్తేటప్పుడు పుట్టినావని చెప్తాండె. దీపాలపండగ కాడ."

మన నల్లరేగడి భూముల సంగతి ఈ హాలులో ఉన్నవారికి నేను చెప్పాలా? శనగ విత్తేది దసరా, దీపావళి రోజుల్లో. ఏప్రిల్‌లో మన పొలాల్లో ఉండేది నెర్రెలు, గాలిదుమ్ము. నాకు ఆ సంగతి తెలుసు, నేనూ రైతు కొడుకునే. అయినా నేనన్న మాట ఇది: "మీ అమ్మ చెప్పింది కాదప్పా, కాగితంలో ఉన్నదే రాస్తాము." ఆయన మారు మాట్లాడకుండా సంతకం పెట్టాడు.

లాస్ట్ గ్రేడు వారికి అరవై ఏళ్ళు. 1986 ఏప్రిల్ 30న ఆయన రిటైరయ్యాడు. పూలదండ వేసి, వాచీ ఇచ్చి పంపాము. చందా వసూలు చేసింది నేనే.

1991లో ఆయన తమ్ముడి కొడుకు ఏదో పనిమీద కాగితాలు పట్టుకుని నా దగ్గరకు వచ్చాడు. అందులో వాళ్ళ నాయన బాప్తిస్మపు చీటీ ఉంది. అదే మిషను, అదే దస్తూరి. పుట్టిన తేదీ "6-23-29". ఇరవైమూడో నెల అనేది లేదు కదా. ఆ చీటీ నా చేతిలో ఎంతసేపు ఉందో నాకు తెలియదు. మన కర్నూలు, కంభం ప్రాంతాల్లో పనిచేసినది అమెరికన్ బాప్టిస్టు మిషను అని మీకు తెలుసు. చీటీ రాసినవారు తమ దేశపు పద్ధతిలో నెల ముందు రాశారు. అన్నగారిది ఏప్రిల్ 11 కాదు, నవంబరు 4. తర్వాత ఒకాయన చేత పాత పంచాంగం చూపించాను. 1926 నవంబరు 4, 5 తేదీల నడుమ ఆశ్వయుజ అమావాస్య. దీపావళి.

నవంబరు ఆఖరున దిగవలసినవాడు ఏప్రిల్ ఆఖరున దిగాడు. ఏడు నెలల జీతం. 1984 నాటి జన్మతేదీ నమోదు నిబంధనల ప్రకారం రిజిస్టరులో ఉన్నదే తుది. అప్పటికే రిటైరయి అయిదేళ్ళు. చేయగలిగిందేమీ లేదు. తప్పు మిషనువారిది కాదు, వారి పద్ధతి వారిది. 1948లో చీటీలో ఉన్న అంకెలను ఉన్నట్టు దించిన గుమాస్తాదీ కాదు. అంకెలు అంకెలుగా ఉన్నంత కాలం అవి ఏప్రిలూ కావచ్చు, నవంబరూ కావచ్చు. వాటిని ఏప్రిల్ చేసింది నా అక్షరాలు.

ఒక ఆదివారం ఆయన ఊరికి వెళ్ళాను. అరుగు మీద కూర్చుని ఉన్నాడు. చీటీ చూపించి జరిగింది చెప్పాను. తిడతాడనుకున్నాను, తిడితే బాగుండేదేమో కూడా. ఆయన ఆ చీటీని ఎండకు పెట్టి చూసి, చదువు రాకపోయినా చాలాసేపు చూసి, "అయితే మా యమ్మ చెప్పిందే నిజం కదా సార్" అన్నాడు. లోపలికి కేక వేసి, నాకు మజ్జిగ ఇప్పించాడు. ఆయన ఇప్పుడు లేడు.

ఇంత జరిగినవాణ్ణి, వికీపీడియాలో కూర్చుని మళ్ళీ అదే పని 214 పేజీల్లో చేశాను.

పొద్దున లేచి, టైపు చేసిన జవాబు తుడిచేసి, ఆ కుర్రవాడికి "చూడలేదు. తప్పు నాది" అని రాశాను. తర్వాత నలభై రోజులు కూర్చుని నా దిద్దుబాట్లన్నీ ఒక్కొక్కటే మూలంతో సరిచూశాను. తొమ్మిది చోట్ల తేడా ఉంది. ఏడు చోట్ల సరైన తేదీ దొరికింది. రెండు చోట్ల దొరకలేదు; రోజు, నెల తీసివేసి సంవత్సరం మాత్రం ఉంచాను. అది చేసేటప్పుడు చెయ్యి వణికింది. గడి ఖాళీగా వదలడం మన అలవాటు కాదు కదా.

ఆ రోజుల్లోనే ఒక లెక్క వేశాను. ఏడాదికి 365 రోజులు. 12వ తేదీ దాటినవి 221 ఉంటాయి. వాటిని అంకెల్లో ఎటు రాసినా చిక్కులేదు, పదమూడో నెల ఉండదు కనుక. 12 రోజులు ఎటు చదివినా ఒకటే. నంద్యాల జిల్లా విడివడినది 4-4-2022. మన కడపకు 1820లో వచ్చి తెలుగు పట్టుకున్న సి.పి. బ్రౌన్ చనిపోయినది 12-12-1884. అవి గుమాస్తాకు దేవుడిచ్చిన తేదీలు. మిగిలినవి 132. వాటితోనే ప్రమాదం. అదే బ్రౌన్ పుట్టినది 10-11-1798. మనకది నవంబరు 10, అమెరికాలో చదివేవాడికి అక్టోబరు 11. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన 1-11-1956 వాళ్ళకు జనవరి 11, మన సంక్రాంతి ముందు. నెలను అక్షరాల్లో రాస్తే ఈ 132 చిక్కులూ ఒక్క దెబ్బకు పోతాయి. కుర్రవాడు మొదటి రోజున చెప్పింది అదే.

బ్రౌన్ మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. ఆయన 1850లో మద్రాసులో హిందూ, మహమ్మదీయ కాలగణనల పట్టికలు అచ్చు వేయించాడు. నిఘంటువు, వేమన గురించి అందరూ చెబుతారు, ఈ పట్టికల గురించి ఎవరూ చెప్పరు. మన ఊళ్ళ కైఫీయత్తుల్లో, శాసనాల్లో తేదీలు ఎట్లా ఉంటాయి? శాలివాహన శకం, సంవత్సరం పేరు, మాసం, తిథి. ఒట్టి "ప్రభవ" అని ఉంటే అది 1867 కావచ్చు, 1927 కావచ్చు, 1987 కావచ్చు. అరవై ఏళ్ళకొకసారి తిరిగి వస్తుంది. శకానికి 78 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుందని బడిలో నేర్చుకున్నాం. విజయనగరం కూలిన తళ్ళికోట యుద్ధం శకం 1486, రక్తాక్షి. 78 కలిపితే 1564. కాని యుద్ధం జరిగినది 1565 జనవరి 23. ఉగాది రాకముందే ఇంగ్లీషు సంవత్సరం మారిపోతుంది కనుక 79 కలపాలి. కూడిక వచ్చినవాడికల్లా తేదీ మార్చడం వచ్చినట్టు కాదు.

మన రెవెన్యూ మిత్రులకు ఇది మరీ బాగా తెలుసు. ఫసలీ జూలై 1న పుడుతుంది. 1975 జూలైలో ఫసలీ 1385, 1976 జూన్‌లోనూ 1385. ఒకే గదిలో పక్కపక్క టేబుళ్ళ మీద ఒకరికి ఏప్రిల్‌లో సంవత్సరాది, ఒకరికి జూలైలో, గోడ మీద క్యాలెండరుకు జనవరిలో, ఇంట్లో ఆడవాళ్ళకు ఉగాదినాడు. భారత ప్రభుత్వం 1957 మార్చి 22న శక సంవత్సరం 1879 చైత్రం 1 అని జాతీయ పంచాంగం మొదలుపెట్టింది. గెజెట్టులో రెండు తేదీలూ వేస్తారు. రెండోది ఎవరు చదువుతారో నాకు తెలియదు.

ఇక్కడ ఒక చిన్న పరీక్ష. ఈ హాలులో జూలై 1న పుట్టినవారు చేతులెత్తండి. (చేతులు లేచాయి, నవ్వులు) చూశారా! మన తల్లులందరూ కూడబలుక్కుని ఒకే రోజున కన్నారు. సంవత్సరం మాత్రమే తెలిస్తే జూలై 1 వేయాలి, నెల కూడా తెలిస్తే ఆ నెల 16 వేయాలి, అది మన నిబంధన. పని జరగాలి కాబట్టి అట్లా పెట్టారు, తప్పులేదు. కాని అదే తేదీ సర్టిఫికెట్టు నుంచి పేపరుకు, పేపరు నుంచి వికీపీడియాకు ఎక్కితే, లేని పుట్టినరోజు ఒకటి లోకానికి ఖాయమైపోతుంది. ఆధార్ మొదటి రోజుల్లో కొందరి కార్డుల మీద "పుట్టిన సంవత్సరం" అని మాత్రమే వేశారు. అప్పుడు మనం అది అసంపూర్తి కార్డు అని విసుక్కున్నాం. ఆలోచిస్తే అదే నిజాయితీ గల కార్డు. వికీపీడియాకు తోడుగా 2012లో మొదలయిన వికీడేటాలో, తేదీతోపాటు అది రోజు వరకు తెలిసినదా, నెల వరకా, సంవత్సరం వరకేనా అన్నది కూడా నమోదు చేసే వీలు పెట్టారు. మన సర్వీసు రిజిస్టరులో ఆ గడి ఒకటి ఉంటే ఎంత బాగుండేది!

రచ్చబండ మీద చర్చ ఇంకా ముగియలేదు. నేను నా పక్షం మార్చుకున్నాను. "1953 అక్టోబరు 1న" అన్నదే తెలుగుకు సరిపోతుందని ఒప్పుకుని రాశాను. ఆ "న" నన్ను ఓడించింది. కాని ఎవరైనా పాత పద్ధతిలో రాసి, మూలం సరిగ్గా చూపితే, దాన్ని వెంటపడి మార్చే పని నేను చెయ్యను. ఈమధ్య ఒకరు కంప్యూటరు చేత వేల పేజీల్లో తేదీలన్నీ ఒకేసారి మార్పిద్దామని ప్రతిపాదించారు. బాట్ అంటారు దాన్ని, అలుపులేని గుమాస్తా. నెల అక్షరాల్లో ఉన్నవాటిని మార్చనివ్వండి, ఒట్టి అంకెల్లో ఉన్నవాటిని మనిషి చూడాలి అని నేను అడ్డం తగిలాను. ఆ 132 రోజుల లెక్క అక్కడ పెట్టాను. దాని కింద మొదట మద్దతు రాసినవాడు ఎవరనుకున్నారు? నా దిద్దుబాట్లు రద్దు చేసిన ఆ కుర్రవాడే. ఇప్పుడు నన్ను "మాష్టారూ" అంటున్నాడు. నేను మాష్టారును కానని ఇంకా చెప్పలేదు.

కార్యదర్శిగారు గడియారం చూపిస్తున్నారు. భోజనాల తర్వాత, పాత ఇంటి కాగితాలు తెచ్చినవారు నన్ను కలవండి. ఊరి చరిత్రకు పనికివచ్చేవి ఉంటే ఫోటో తీసుకుని కాగితం అక్కడికక్కడే ఇచ్చేస్తాను. 2009 అక్టోబరు 2 వరదలో మన కర్నూలులో ఎన్ని ఇళ్ళలో ఎన్ని కాగితాలు తడిసి ముద్దయ్యాయో మీకు తెలుసు, మిగిలినవాటినైనా చూసుకుందాం. సంఘం సభ్యత్వ ఫారాలు కూడా గుమ్మం దగ్గర ఉన్నాయి. అందులో జన్మతేదీ గడులు మూడు. మొదటిది రోజుకు, రెండోది నెలకు. నెల దగ్గర అంకె వేయకండి, పేరు రాయండి. గడి చాలకపోతే పక్కన రాయండి, నేను కార్యదర్శిగారితో మాట్లాడతాను.